చిలకలకు చెప్పిన పాఠం

2020 సెప్టెంబర్ 1న తెలంగాణలో టీవీ పాఠాలు మొదలయ్యాయి. టీశాట్‌లోనూ, దూరదర్శన్ యాదగిరిలోనూ వచ్చేవి. మా ఆశ్రమ పాఠశాల మార్చిలోనే మూతపడింది. పిల్లలంతా చర్ల, దుమ్ముగూడెం వైపు గూడేల్లో ఉన్నారు. పదో తరగతి వాళ్లు పాఠాలు చూస్తున్నారో లేదో కనుక్కుని రమ్మని మమ్మల్ని పంపారు. మాస్కు కట్టుకుని, రిజిస్టరు సంచిలో పెట్టుకుని బండి మీద బయల్దేరాను.

దసరాకు ముందు ఒక గూడెం వెళ్లాను. మా పిల్లాడు ఇంట్లో లేడు. జొన్నచేలో మంచె మీద కూర్చుని చిలకలను తోలుతున్నాడు. నాకు కోపమొచ్చింది. వాళ్ల నాన్నను పట్టుకుని, "పదో తరగతి పిల్లాడిని చేనుకాడ కూర్చోబెడితే ఎట్లా మామా? ఇంట్లో చదివించాలి గదా" అన్నాను. (మా గట్టు వేరు కాబట్టి మామే అవుతాడు.)

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత కోయలో అడిగాడు. నేను తెలుగులో రాస్తున్నాను.

"ఆరేళ్లప్పుడు మీకు అప్పజెప్పినం సారూ. ఇన్నేళ్లు వాడు ఎట్ల చదివిండో మేం చూడలేదు. ఇప్పుడు ఇంటికి తోలి చదివించుమంటున్రు. చదివించుడంటే నేనేం చెయ్యాలె? వాడు పుస్తకం చూస్తున్నడో, పుస్తకం ముందర పెట్టుకుని నిద్రపోతున్నడో నాకెట్ల తెలుస్తది?"

నా దగ్గర జవాబు లేదు. తల్లిదండ్రుల సమావేశం పెట్టినప్పుడల్లా "ఇంట్లో శ్రద్ధ పెట్టండి" అని చెప్పి, వేలిముద్ర వేయించుకుని పంపడమే మాకు తెలుసు. శ్రద్ధ అంటే ఏమిటో ఎప్పుడూ చెప్పలేదు. ఆశ్రమంలో చదువు గంట మీద నడుస్తుంది. తెల్లవారుజామున గంట, సాయంత్రం గంట. గంటకు అలవాటైన పిల్లాడు గంట లేని చోట పుస్తకం ముట్టడు. ఆ తప్పు తండ్రిది అంటే ఎట్లా?

నేనూ హాస్టల్లోనే పెరిగాను. మా నాన్న సీతాఫలాలో, తేగలో మూటకట్టుకుని వచ్చి గేటు బయట నిలబడేవాడు. "కడుపునిండా తింటున్నవా" అని మాత్రమే అడిగేవాడు. చదువు గురించి ఒక్కనాడూ అడగలేదని నాకు చాలాకాలం కోపం ఉండేది. అడిగే హక్కు తనకు లేదనుకున్నాడేమో. ఇప్పుడు అడుగుదామంటే ఆయన లేడు.

ఆ రోజు మామకు తోచింది చెప్పాను. రోజూ కాసేపు గట్టిగా చదవమను. గొంతు వినిపిస్తే చదువుతున్నట్టే. రాత్రి అన్నం తినేటప్పుడు ఏం చదివాడో కోయలో చెప్పమను. అది తప్పా ఒప్పా నీకు తెలియనక్కర్లేదు. అర్థమైతే మన మాటలో చెప్పగలడు, బట్టీ పడితే ఆగిపోతాడు. ఆగిపోతే నాకు ఫోన్ చేయమను.

పది రోజులకు మళ్లీ వెళ్తే, మంచె మీది నుంచి జీవశాస్త్రం వినిపిస్తోంది. మామ నవ్వాడు. "చిలకలు ఎట్లాగూ అరుపుకే పోతయి. ఆ అరిచేదేందో పాఠమే అరవమన్న."

వారం తర్వాత ఫోన్ వచ్చింది. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కి చేశాడు. "సార్, ఆకులే చెట్టుకు ఆహారం తయారు చేస్తాయని మా నాయనకు చెప్పిన. మరి ఇప్పచెట్టు ఆకు రాలినాక పూస్తది గదా, అప్పుడేం తిని పూస్తది అని అడుగుతుండు."

కిరణజన్య సంయోగక్రియ పాఠం ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఇప్పచెట్టు కిందే పెరిగినవాణ్ని, నాకీ ప్రశ్న రాలేదు. ఆకులున్న రోజుల్లో చేసుకున్న ఆహారాన్ని చెట్టు పిండిపదార్థంగా కాండంలో, వేళ్లలో దాచుకుంటుందని, పూతకు అదే ఆధారమని మరునాడు చెప్పాను. "మనం గాదెలో పోసుకున్నట్టన్నమాట" అని వెనక నుంచి మామ గొంతు వినిపించింది.

ఆ ఏడు పదో తరగతి పరీక్షలు రద్దయి అందరూ పాసయ్యారు. కాబట్టి వాడి మార్కులు చూపించి గొప్ప చెప్పుకోలేను. పైగా అన్ని ఇళ్లలో ఇది కుదరలేదు. ఒకమ్మాయి తల్లి చీకటితోనే మిర్చి ఏరడానికి పోయి చీకటిపడ్డాకే వచ్చేది. జనవరికి అమ్మాయి కూడా అదే ట్రాక్టరు ఎక్కింది. 2021 ఫిబ్రవరి 1న బడి తెరిస్తే ఆమె రాలేదు. వినే మనిషే ఇంట్లో లేనప్పుడు ఎవరికి చెప్పాలో నేను ఆమెకు చెప్పి రాలేదు. పక్కింటి ముసలమ్మనైనా చూపించి రావలసింది.

ఇప్పుడు సమావేశాల్లో ఉపన్యాసం తగ్గించాను. ఒక పిల్లనో పిల్లాడినో లేపి, ఆ వారం పాఠం కోయలో వాళ్లమ్మకు చెప్పమంటాను. తల్లులు ముందు నవ్వుతారు, తర్వాత ప్రశ్నలు వేస్తారు.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. దానికి బల్ల, కుర్చీ, లైటు అన్నీ ఉన్నాయి. నేను పక్కగదిలో ఫోన్ చూసుకుంటూ మార్కులు మాత్రం అడిగేవాణ్ని. మొన్నొకరోజు పాఠం కోయలో చెప్పమంటే రెండు వాక్యాలు చెప్పి ఆగిపోయింది. మూడోదానికి కావలసిన మాట నాకూ గుర్తురాలేదు. ఇద్దరం మా అమ్మకు ఫోన్ చేశాం.