చలికాలం బొమ్మలో మనిషి

పొగమంచు, ఖాళీ పొలం, ఒంటరి చెట్టు, ఎక్కడా మనిషి లేడు. చలికాలపు పల్లె అనగానే క్యాలెండర్ల మీద కనిపించే బొమ్మ ఇదే. చూడటానికి బాగుంటుంది, కాదనం. కానీ బోధన్ చుట్టుపక్కల తండాల్లో పెరిగిన మాకు, ఏడాదిలో ఎక్కువ చప్పుడు ఉండే కాలం చలికాలమే.

చెరకులో తీపి చలికే పెరుగుతుంది. అందుకే కోతలు ఆ నెలల్లోనే. నిజాంసాగర్ నీళ్లు పారిన చేలల్లో మా వాళ్లు తెల్లారకముందే దిగేవాళ్లు. చెరకు ఆకు అంచు చర్మాన్ని కోస్తుంది, మంచుకు తడిస్తే చేతులు కొంకర్లు పోతాయి. పాత గుడ్డలు చుట్టుకుని నరికేది, మోపులు కట్టేది, బండ్లకెత్తేది. శక్కర్‌నగర్‌లో 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ముందు బండ్ల బారు, ఎడ్ల గంటలు, పాకం వాసన. కోతలకు దూరం పోయిన ఇళ్ల పిల్లల పేర్లు బడి హాజరుపట్టీలో ఉండేవి. పిల్లలేమో చెరకు గట్ల మీద చంటిబిడ్డల్ని ఆడిస్తూ ఉండేవాళ్లు.

పీటర్ బ్రూగెల్ అనే చిత్రకారుడు 1565లో గీసిన 'మంచులో వేటగాళ్లు' అనే బొమ్మ వియన్నా మ్యూజియంలో ఉంది. మొదట అదీ నిశ్శబ్దంగానే కనిపిస్తుంది. దగ్గరగా చూడండి. వేటగాళ్లు ఒక్క నక్కతో తిరిగొస్తున్నారు, కుక్కలు డీలాపడ్డాయి. పక్కన కొందరు మంట వేస్తున్నారు. కింద వంతెన మీద ఒకరు పుల్లల మోపు మోస్తున్నారు. వేటగాళ్లను వెనక నుంచి గీశాడు, ముఖాలు కనబడవు. అయినా అలసట తెలుస్తుంది. ముఖాలు గీయడం రాదని మనుషుల్ని వదిలేసే పిల్లలకు ఈ బొమ్మ తప్పక చూపించాలి.

2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది, సరిగ్గా గానుగ ఆడాల్సిన కాలంలో. చెరకు ఉన్న చేలల్లో చాలావాటికి వరి, సోయా వచ్చాయి. ఇప్పుడు శక్కర్‌నగర్‌లో చలికాలం పొద్దున నిజంగానే క్యాలెండర్ బొమ్మలా ఉంటుంది. తెలియనివాళ్లు దాన్ని ప్రశాంతత అంటారు. మాకది పని పోయిన ఊరు.

సార్లూ, టీచర్లూ, చలికాలం గీయమన్నప్పుడు ముందు ఇంట్లో అడిగి రమ్మనండి. మా తండాలో ఒక పిల్ల అట్లే అడిగి, కోతలు గీసింది. వేళ్లు గీయడం రాక రెండు చేతులకూ గుడ్డలు చుట్టేసింది. వాళ్ల యాడి బొమ్మ చూసి, "కత్తి చేతికి కాదే, గడ పట్టుకునే చేతికి ఎక్కువ చుట్టాలె" అని దిద్దించింది.