బేగంపేట నుండి మామునూరునకు ఎంత దూరము?

పటముపై కనబడు దూరము వేరు, ప్రయాణము చేయువానికి కలుగు దూరము వేరు. ఈ భేదమును మా తరగతి బాలబాలికలు ఈ సంవత్సరము ఒక చిన్న లెక్కవలన గ్రహించిరి.

ఓరుగల్లు చెంతనున్న మామునూరు విమానాశ్రయము నిజాము పాలనలో 1930 ప్రాంతమున ఏర్పడి, 1981 వరకు నడచి, పిమ్మట మూతపడినది. బేగంపేట విమానాశ్రయమును నిజాము నాటిదే. 2008 మార్చిలో శంషాబాదున క్రొత్త విమానాశ్రయము తెఱవబడగా, బేగంపేటనుండి ప్రయాణికుల విమానములు అచ్చటికి తరలిపోయెను. ఈ రెండు పాత విమానాశ్రయముల నడుమ దూరమును కనుగొనుడని తరగతికి చెప్పితిని.

వాని అక్షాంశముల భేదము 0.46 డిగ్రీ, రేఖాంశముల భేదము 1.13 డిగ్రీ. మన ప్రాంతమున అక్షాంశపు డిగ్రీ ఒకటికి సుమారు 111 కిలోమీటర్లు, రేఖాంశపు డిగ్రీకి సుమారు 106. కావున ఉత్తరమునకు 51, తూర్పునకు 120 కిలోమీటర్లు. లంబకోణ త్రిభుజముగా గీచి కర్ణమును కట్టగా సుమారు 130 కిలోమీటర్లు వచ్చినది. ఆ గీత మన నాగారమునకు కొంచెము ఉత్తరముగా, కీసర దాపున సాగుట చూచి పిల్లలు మిక్కిలి సంతోషించిరి.

గంటకు 500 కిలోమీటర్లు పోవు చిన్న విమానమునకు ఇది 16 నిమిషముల దూరమని వారు తేల్చిరి. లెక్క తప్పు కాదు. గాని విమానము కదలిన క్షణముననే ఆ వేగము నందుకొనజాలదు. అది నేలపై మెల్లగా నడచి, గాలి కెదురుగా లేచి, క్రమముగా పైకెక్కవలెను. మరల వేగము తగ్గించుకొని, రన్‌వేకు తిన్నగా తిరిగి దిగవలెను. దూరము తగ్గినంత మాత్రమున ఈ పనులకు పట్టు కాలము తగ్గదు. కావున అరగంట యని యెంచుట మేలు.

బేగంపేటలో ఇప్పుడు ప్రయాణికుల విమానములు లేవు గనుక, శంషాబాదునుండియు అదే లెక్క కట్టితిమి. సుమారు 145 కిలోమీటర్లు వచ్చినది. ఈ అంకె సామాన్యమైనది కాదు. ఆకాశమార్గమున 150 కిలోమీటర్ల లోపల మఱియొక విమానాశ్రయమును వృద్ధిచేయుటకు శంషాబాదు ఒడంబడికలోని నియమము చిరకాలము అడ్డుపడెను. అయిదు కిలోమీటర్ల కొఱతచే ఓరుగల్లు వారు ఏండ్లతరబడి వేచియుండిరి. 2025లో ఆ అడ్డు తొలగి, కేంద్ర ప్రభుత్వపు అనుమతి లభించినది.

ఆ వార్త విని, హనుమకొండలో ఒంటరిగా నున్న మా అమ్మగారు ఫోనులో, “విమానం వస్తే అర్ధగంటల వస్తవా, బిడ్డా?” అని అడిగిరి. వారికి డెబ్బది యేండ్లు దాటినవి. నేను లెక్క చూచితిని. నాగారమునుండి శంషాబాదునకు కారున గంటకు పైగా, తనిఖీలకును వేచియుండుటకును మఱియొక గంట, ఆకాశమున అరగంట, మామునూరునుండి ఇంటికి అరగంట. వెరసి మూడు గంటలకు మించును. ఘటకేసరు మీదుగా బస్సున పోయినను ఇంచుమించు మూడు గంటలే. ఢిల్లీ వంటి దూర నగరములకు పోవు ఓరుగల్లు వారికి ఆ విమానాశ్రయము గొప్ప మేలు చేయును; తల్లిని చూడబోవు నాకు బస్సే చాలును. “అమ్మా, విమానము కొఱకు ఎదురుచూడవద్దు, శనివారము బస్సులో వచ్చెదను” అని చెప్పితిని.

ప్రియ విద్యార్థులారా, ఎవరైన మీకు దూరమును, కాలమును చెప్పినప్పుడు, ఎచ్చటినుండి ఎచ్చటికి, ఏ మార్గమున అని అడుగుడు. లెక్కను మీ యింటి గడపవద్ద మొదలిడి, చేరవలసిన గడపవద్ద ముగింపుడు.