రంగు కింద రంగు

విశాఖ చేపల రేవులో మరమ్మతుకని గట్టెక్కించిన బోట్ల దగ్గర నా పని మొదలవుతుంది. స్కెచ్ పుస్తకంలో బోటు ఆకారం గీయను. పక్క చెక్క మీద జానెడు జాగా ఎంచుకుని దాన్నే చూస్తాను. నీలం పెచ్చులూడిన చోట పాత ఆకుపచ్చ, దాని కింద ఎర్ర ప్రైమర్, మేకు తుప్పు కారిన చార. ఏ రంగు దేని మీదికెక్కింది, అంచు కోసినట్టుందా, అరిగినట్టుందా అన్నవే రాసుకుంటాను. చూడగా చూడగా అది బోటన్న సంగతి మరుపున పడుతుంది. బొమ్మకు కావలసింది అప్పుడు దొరుకుతుంది.

నైరూప్య చిత్రమంటే కళ్లు మూసుకుని ఊహించి వేసేదని చాలామంది అనుకుంటారు. కానీ డచ్ చిత్రకారుడు మోంద్రియాన్ 1911లో వేసిన బూడిదరంగు చెట్టులో కొమ్మలు ఇంకా కొమ్మల్లానే ఉంటాయి. మరుసటి ఏడు వేసిన పూసిన ఆపిల్ చెట్టులో దాదాపు వంపులే మిగిలాయి. చెట్టునే పట్టుకుని చూస్తూ పోతే తేలిన వంపులవి. హైదరాబాద్ చిత్రకారుడు సూర్యప్రకాశ్ కూడా తుక్కుగా పడున్న కార్ల తుప్పులోంచే తన తొలినాటి బొమ్మలు తీశారు.

స్టూడియోకొచ్చాక చూసిందంతా పెట్టను. ఆకుపచ్చ గోలగా అనిపిస్తే తీసేస్తాను. తుప్పు చారే మనసులో నిలిచిపోతే దాన్ని కాన్వాసు నిలువునా దించుతాను. నా సొంతమంటూ ఏదైనా ఉంటే ఆ ఎంపికలోనే ఉంది. ఆపైన తైలవర్ణం చెప్పినట్టు వినాలి. కింది పొరలో టర్పెంటైన్ పాలు ఎక్కువ, పైకి పోనుపోను నూనె ఎక్కువ పడాలి. అది తారుమారైతే పై పొర ముందే ఆరిపోయి, కిందది కదిలినప్పుడు బీటలు వారుతుంది. నీలం సగం ఆరాక కత్తితో గీకితే కింది ఎరుపు పొడిపొడిగా బయటపడుతుంది. కింది ఎరుపు కూడా పచ్చిగా ఉంటే రెండూ కలిసి ఊదా బురదవుతుంది.

ఓసారి బోట్లకు రంగులేసే పెద్దాయనకు ఫోన్లో ఒక బొమ్మ చూపించాను. ఆయన బోటు ఊసే ఎత్తలేదు. “కింద ఎరుపు బాగా ఆరనిచ్చీసి పైది కొట్టారు కదా బాబూ” అన్నాడు.

ప్రదర్శనల్లో “ఇదేమిటండీ?” అని అడిగేవాళ్లకు ఆయన చూసినట్టు చూడమని చెబుతాను. ఏ రంగు ముందు పడింది, ఏది తర్వాత వచ్చింది, ఎక్కడ ఆగింది? బొమ్మలకు నేను అంకె, సంవత్సరం తప్ప పేరు పెట్టనిదీ ఇందుకే. ‘పడవ’ అని రాస్తే చూసేవాళ్లు పడవను వెతుకుతారు, దొరికిందనుకోగానే పక్క బొమ్మకు వెళ్లిపోతారు.