షెఫీల్డు కొండలలో తడిదారులు

నేడు మన వంటిండ్లలో ఇత్తడిని, కంచును వెనుకకు నెట్టి అలమారులనెక్కి కూర్చున్న స్టెయిన్‌లెస్ స్టీలునకు ఇంగ్లండునందలి షెఫీల్డు నగరముతో చుట్టఱికము కలదు. 1913వ సంవత్సరమున హారీ బ్రియర్లీ అనునాతడు తుప్పుపట్టని యుక్కును చేసినది అచ్చటనే. ఆ నగరమున నా చెల్లెలు ఆసుపత్రిలో నర్సుగా పనిచేయుచున్నది. గత శీతకాలమున ఆమె యింట రెండు నెలలుంటిని. బడి విడిచివచ్చు వీలు మావారికి లేకపోవుటచే ఒంటరిగనే పోయితిని. నగరమును గూర్చి వ్రాయువారు పలువురు కలరు. నేను దాని పడమటి కొండలను గూర్చియు, ఆ కొండలలో నా చెల్లెలు త్రొక్కు సైకిలును గూర్చియు వ్రాయదలచితిని.

షెఫీల్డు పరిధిలో నించుమించు మూడవవంతు పీక్ డిస్ట్రిక్టు జాతీయోద్యానములో చేరియున్నది. ఇది 1951లో ఏర్పడినది. బ్రిటనులో నిట్టివానిలో మొదటిది. మన తూర్పుకనుమలవలె అడవులు క్రమ్మిన కొండలు కావివి. చెట్లు లేని బోడిమిట్టలు, మోకాలెత్తు పొదలు, నడుమ నల్లని బురదనేల. డిసెంబరున సాయంత్రము నాలుగుగంటలకే ప్రొద్దు క్రుంకును. వానయు మన వానవలె కురిసి వెలియునది కాదు. జల్లెడపట్టిన పిండివలె దినమంతయు రాలుచుండును.

అచ్చట నడకదారులు వేఱు, గుఱ్ఱపుదారులు వేఱు. 1968లో చేసిన చట్టము సైకిళ్లకు గుఱ్ఱపుదారులపై పోవు హక్కునిచ్చినది. అయినను పాదచారులకును, గుఱ్ఱములకును సైకిలువారు దారి యీయవలయును. ఈ మర్యాద నాకు మిక్కిలి నచ్చినది.

నా చెల్లెలికి రాత్రిపాళీలు, పసిబిడ్డ, ఇంటిపని. వారమున నొక్క ఉదయము మూడుగంటలు మాత్రమే ఆమె సొంతము. ఆ మూడుగంటలును కొండపై గడపును. అంతకుముందటి యేడు తొలివానలకే చక్రములు జాఱుటచే సైకిలును గోడకు తగిలించి, వసంతము వఱకు తీయలేదట. ఆ నాలుగు నెలలు తన మనసెట్లుండెనో ఆమె నాకు చెప్పినది, ఇచ్చట వ్రాయను. "మంచి టైర్ల జత కొందమన్న నాన్నగారి మందుల సొమ్ము కండ్లయెదుట నాడుచున్నది, అక్కయ్యా" అన్నది. ఇంటిలో నందఱి కొనుగోళ్లును తీరినపిమ్మట మిగిలినదానిలో తన వస్తువును వెదకికొను మన యలవాటు సముద్రము దాటినను మాఱలేదు.

చక్రపుటంచునకు అమరకోశమున నేమి, ప్రధి యని రెండు పేళ్లు కలవు. మన బండిచక్రమునకు ఇనుపపట్టా తొడిగింతుము. అది నేలను నలుగగొట్టునే కాని పట్టుకొనదు. గాలి నింపిన రబ్బరు టైరునకు డన్లప్ అను పశువైద్యుడు 1888లో పేటెంటు పొందెను. తన కుమారుని మూడుచక్రముల బండికొఱకు దానిని మొదట చేసెనట. కొండసైకిలు టైరుపై రబ్బరు గుబ్బలుండును. ఎండకాలపు టైరునందివి పొట్టిగను, దగ్గఱదగ్గఱగను ఉండును. బురద వాని నడుమ చిక్కుకొని చక్రము గారెపిండి యంటిన చేయివలె నగును. తడికాలమునకు గుబ్బలు ఎత్తుగను, ఎడముగను ఉండవలయును. అప్పుడు చక్రము తిరుగుచుండగనే బురద రాలిపోవును. మేకులవలె మిక్కిలి పొడవైన గుబ్బలు గల టైర్లును కలవు. లోతైన బురదలో వానికి సాటి లేదు. రాతిపై నవి వంగి తూలును. రాయియు బురదయు కలసిన యీ కొండలకు నడితరపు టైరే మేలు.

రబ్బరు సంగతి వేఱు. మెత్తని రబ్బరు తడిరాతిని, చెట్లవేళ్లను కఱచి పట్టును. కాని త్వరగ నరుగును, త్రొక్కుటయు బరువు. గట్టిది చాలకాలము మన్నును, తడివేరుపై జాఱును. కొన్ని టైర్లకు ఈ గట్టిదనమును అంకెలతో తెలుపుదురు. 60 గట్టిది, 42 మిక్కిలి మెత్తనిది.

వీనికంటె ముందు తెలిసికొనవలసినది నేల. స్టానేజి యను కొండయంచు క్రింద, ఎవరును కొనిపోని తిరుగలిరాళ్లు గడ్డిలో పడియున్నవి. అచ్చటి రాతికి 'తిరుగలి గరుసు' అను నర్థము వచ్చు పేరే కలదు. ఉద్యానమునకు చిహ్నము కూడ తిరుగలిరాయియే. నేను వంగి అఱచేత రుద్ది చూచితిని. వానలో తడిసినను దాని గరుసు తగ్గలేదు. కాసిల్‌టన్ గ్రామమువైపు పోయిన సున్నపురాయి తగులును. పెవరిల్ కోట శిథిలముల క్రింద కేవ్‌డేల్ అను ఇఱుకులోయ కలదు. అందలి రాళ్లు అడుగుల రాపిడికి నునుపెక్కి, తడిసినపుడు నూనె పూసినట్లుండును. సన్నికల్లు నునుపైన మనము కక్కు కొట్టించుదుము, కొండకు కొట్టువారెవరు?

ఇవి యన్నియు చూచి, దుకాణములు తిరిగి, నా చెల్లెలు జతకు బదులు ఒక్క టైరు కొన్నది. ముందుచక్రము జాఱిన మనిషి నేలబడును. వెనుకది జాఱిన తఱచుగ నిలద్రొక్కుకొనవచ్చును. కావున ఎడముగుబ్బల మెత్తని క్రొత్తటైరు ముందునకు పోయెను. ముందున్న పాతటైరు వెనుకకు వచ్చెను. వెనుకనున్నది పూర్తిగ నరిగియుండెను. ఒకే నమూనా టైరు రెండు విధములుగ దొరకును. అంచున ఇనుపతీగ గలది కొంత బరువు, ధర తక్కువ. మడిచి సంచిలో పెట్టదగినది తేలిక, ధర ఎక్కువ. తులముల బరువునకు పందెములవారు విచారింపవలయును గాని మనకేల? తీగటైరే తీసికొన్నది.

ఆమె సైకిలు పాతది, 26 అంగుళములది. 27½, 29 అంగుళముల చక్రములు వ్యాపించినపిమ్మట ఈ కొలతవి వెనుకబడినవి. వెదకిన ధర తగ్గించి యమ్మునవి కనబడును. కాని 26 అని చూచినంతనే కొనరాదు. టైరు ప్రక్కన 559 అను అంకె యుండవలయును. మామూలు సైకిళ్లలో 26 అంగుళములదే 590 అంకెగలది వేఱొకటి కలదు. అది దీనికి పట్టదు.

గాలి తగ్గించిన టైరు నేలపై వెడల్పుగ పఱచుకొని పట్టు హెచ్చును. మఱీ తగ్గించిన లోపలి ట్యూబు రాతికిని చక్రపుటంచునకును నడుమ నలిగి, కోరలు దిగినట్లు ప్రక్కప్రక్కన రెండు రంధ్రములు పడును. ఆంగ్లేయులు దీనిని పాముకాటు అందురు. నా చెల్లెలు వారమునకు కొంచెము చొప్పున గాలి తగ్గించి చూచి, తన బరువునకు తగినది కనుగొన్నది. దీనికి ఖర్చు లేదు.

జనవరిలో నొక తడి యుదయమున హౌండ్‌కర్క్ దారిలో ఆమె దిగివచ్చుట గొడుగు క్రింద నిలిచి చూచితిని. నుదుట బొట్టు తప్ప తక్కినదంతయు బురదయే. "పట్టుచున్నదక్కయ్యా!" అని దూరమునుండియే కేక వేసినది. మఱువారము కేవ్‌డేల్‌నకు పోయినపుడు మాత్రము లోయ మొదటనే దిగి, సైకిలును చేత నడిపించుకొనివచ్చినది.