వలందుల సమాధుల దగ్గర ఓ సాయంత్రం

బందరు వెళ్తే ఏం చేస్తాం? చిలకలపూడి పాండురంగడి దర్శనం చేసుకుంటాం. రోల్డ్‌గోల్డ్ గాజులు బేరమాడతాం. మంగినపూడిలో సముద్రస్నానం చేసి, తొక్కుడు లడ్డూ పొట్లం కట్టించుకుని విజయవాడ బస్సెక్కేస్తాం. ఈసారి ఓ గంట మిగుల్చుకుని, కెమెరానో సెల్‌ఫోనో పట్టుకుని డచ్చివారి సమాధులు కూడా చూసి రండి. "శుభమా అని ఊరొచ్చి సమాధులేమిటే!" అని అత్తగారు అంటే అననివ్వండి. అక్కడ భయపడాల్సిందేమీ లేదు. ఉన్నదల్లా నిశ్శబ్దం.

హాలండ్ నుంచి వచ్చిన డచ్చివాళ్లని మనవాళ్లు వలందులు అన్నారు. బందరులో వలందపాలెం పేరు అలా వచ్చిందే. ఫ్రెంచివాళ్లకి పరాసుపేట, ఇంగ్లీషువాళ్లకి ఇంగ్లీషుపాలెం ఉండనే ఉన్నాయి. 17వ శతాబ్దం మొదట్లో వలందుల్ని ఇంతదూరం రప్పించింది మన బట్టే. చిరివేరుతో ఎర్రరంగు పట్టించిన అద్దకం బట్టల్ని ఇక్కడ కొని, తూర్పు దీవుల్లో ఇచ్చి, లవంగాలు, జాజికాయలు తీసుకునేవారు. వచ్చినవాళ్లలో కొందరు తిరిగి వెళ్లలేదు. ఈ రాళ్ల కింద ఉన్నది వాళ్లే.

ఇప్పుడీ చోటు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. పెద్ద పెద్ద రాతి పలకలు, వాటి మీద వంశ చిహ్నాలు, ఉబ్బెత్తుగా చెక్కిన అక్షరాలు. మిట్టమధ్యాహ్నం చూస్తే ఏమీ కనబడదు, అంతా ఒకే బూడిద రంగు. సాయంత్రం నాలుగు దాటి ఎండ ఏటవాలుగా పడిందా, ప్రతి అక్షరం పక్కన సన్నటి నీడ లేచి, రాయి తనంతట తానే చదివించుకుంటుంది.

ఆ కాలపు డచ్చి సమాధుల మీద భార్యని 'హౌస్‌ఫ్రౌ' అని రాసేవారు. మాటకి మాట చెప్పాలంటే, ఇల్లాలు! ఫలానా వారి ఇల్లాలు అని. అయితే ఆ మాట పక్కనే ఆమె పేరు కూడా చెక్కేవారు. పుట్టిల్లు వదిలి నెలల తరబడి ఓడలో వచ్చిన మనిషికి మిగిలింది ఆ పేరొక్కటే. ఉప్పుగాలి దాన్నీ కొరుక్కుతింటోంది. మనం తీసే ఫొటో ఆ పేరుని ఇంకొన్నాళ్లు నిలబెడుతుంది.

ఫొటో తీసేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. ఎండ మీకు పక్కగా ఉండాలి. నీడపట్టున ఉన్న రాయి మీదకి చిన్న అద్దంతో వెలుగు మళ్లించవచ్చు. అక్షరాలు కనబడాలని సుద్ద, పిండి, పసుపు రుద్దకండి. బ్రష్షుతో తోమితే రాయి పొరలు లేచిపోతాయి. పలకల మీద కూర్చోవద్దు, పిల్లల్ని ఎక్కనివ్వద్దు. గడ్డిలో పురుగూ పుట్రా ఉంటాయి, చెప్పులు కాకుండా బూట్లు వేసుకోండి.

ఇంకో మాట. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెనలో బందరు చుట్టుపక్కల సుమారు 30 వేలమంది పోయారు. వాళ్లలో ఎంతమంది పేర్లు మనకి తెలుసు? అద్దకం అద్దిన చేతుల పేర్లూ తెలియవు. అంతదాకా ఎందుకు, మీ ట్రంకు పెట్టెలోని పాత ఫొటోలో తాతగారి పక్కన నిలబడ్డ ఆవిడ పేరేమిటి? తెలిసినవాళ్లు ఇంట్లో ఉండగానే అడిగి, వెనక పెన్సిలుతో రాసిపెట్టండి. 'తాతగారి భార్య' అని కాదు, ఆవిడ పేరే రాయండి.