మూసీకి అడ్డంగా

హైదరాబాదులో మూసీ వెంట నడిచేవాళ్లు దాదాపు ఉండరు. అందరూ దాటేవాళ్లే. సిటీ బస్సు, మెట్రో, ఎంఎంటీఎస్, షేర్ ఆటో, సొంత బండి, ఏది ఎక్కినా నదికి అడ్డంగా పోవడమే. పడమర నుంచి తూర్పుకి నీళ్లు పోతుంటే, ఉత్తర దక్షిణాలుగా జనం పోతుంటారు. ఈ జనాన్ని అర్థం చేసుకోవాలంటే మాత్రం నీళ్ల దారినే పోవాలి.

అనంతగిరి కొండల్లో పుట్టి గండిపేట దాటి వచ్చే మూసీలో, హిమాయత్‌సాగర్ నుంచి వచ్చే ఈసీ లంగర్‌హౌజ్ బాపూఘాట్ దగ్గర కలుస్తుంది. 1948లో గాంధీజీ అస్థికలను కలిపిన చోటు అదే. కాస్త దిగువన అత్తాపూర్. అక్కడ నదికి ఎంతో ఎత్తున పీవీ ఎక్స్‌ప్రెస్‌వే. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్లు, 2009లో తెరిచారు. ఎయిర్‌పోర్టుకి పోయే కార్లు దాని మీద మూసీని క్షణాల్లో దాటేస్తాయి. లోపల కూర్చున్నవాళ్లకి నది దాటిన సంగతే తెలియదు. కింద బతికేవాళ్లకి ఆ వంతెన వేరే విధంగా ఉపయోగపడింది. వాళ్లకి ఇంటి నంబరు, వీధి పేరు అక్కర్లేదు. ఆటోవాడికి పిల్లర్ నంబరు చెబితే చాలు, తీసుకొచ్చి దించుతాడు.

జియాగూడ దాటితే పురానాపూల్. 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించాడు. నగరం, చార్మినార్ 1591 నాటివి. అంటే ఊరి కంటే పదమూడేళ్ల ముందే వంతెన పుట్టింది. గోల్కొండ కోటలో ఇరుకైపోయిన జనానికి అవతలి ఒడ్డుకి దారి దొరికాకే అక్కడ నగరం వెలిసింది. హైదరాబాద్ చరిత్రలో మొదటి అధ్యాయం ఒక రాకపోకల ఏర్పాటు. ఇప్పుడు బండ్లన్నీ పక్కన కట్టిన కొత్త వంతెన మీద పోతాయి. పాత కమానుల మీద కూరగాయల బేరాలు. వంకాయ గంపల నడుమ సందు చూసుకుని పోవాలి గనుక అది పాదచారుల వంతెన అయింది, ఎవరూ ప్రకటించకుండానే.

ముస్లింజంగ్ పూల్ దగ్గరికొచ్చేసరికి ఒడ్డున పెద్ద పెద్ద కట్టడాలు మొదలవుతాయి. దక్షిణాన హైకోర్టు, సిటీ కాలేజీ. ఉత్తరాన ఉస్మానియా ఆస్పత్రి. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరద ఈ ఒడ్లను ఊడ్చేసింది. దాదాపు 15 వేల మంది పోయారని లెక్క. ఇప్పటి ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది బతికారంటారు. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మీద ఎగువన రెండు జలాశయాలు కట్టారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరద మింగిన ఒడ్లను చక్కదిద్ది ఆస్పత్రి, కోర్టు, కాలేజీ కట్టారు. నేటి రద్దీకి మూలం అక్కడుంది. జిల్లాల నుంచి రోగులు, వాయిదాలకు తిరిగే కక్షిదారులు, చదువుకునే పిల్లలు, బేగంబజార్‌లో సరుకు కొనే చిల్లర వర్తకులు, అందరి దారులూ అర కిలోమీటరులో కలుసుకుంటాయి.

ఆ కలుసుకునే చోటు నయాపూల్. అఫ్జల్‌గంజ్‌లో ఎక్కిన బస్సు వంతెన నడిమధ్యన ఆగిపోతే, మదీనా స్టాపు ఎప్పుడొస్తుందని అడిగిన ముసలమ్మకి కండక్టరు సమాధానం తయారుగా ఉంటుంది: “దిగి నడువమ్మా, నువ్వే ముందు పోతవు.” అబద్ధం కాదు. నయాపూల్ నుంచి చార్మినార్ కిలోమీటరు దూరమే. పత్తర్‌గట్టి రాతి కమానుల కింద నీడ కూడా ఉంటుంది. కార్లో వచ్చినవాళ్లకి ఆ కిలోమీటరు కంటే బండి పెట్టడానికి చోటు వెతకడమే పెద్ద ప్రయాణం.

ఇంకాస్త దిగువన ఎంజీబీఎస్. జిల్లాలకు పోయే బస్సులెన్నో నది నడుమన ఉన్న స్థలంలో ఆగుతాయి. పైన రెండు మెట్రో లైన్లు. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ పోయే రెడ్ లైన్ మూసీని దాటి మలక్‌పేటలో దిగుతుంది. జేబీఎస్ నుంచి 2020లో మొదలైన గ్రీన్ లైన్ మాత్రం ఇక్కడే ఆగిపోయింది. ఫలక్‌నుమా దాకా పోవాల్సిన ఐదున్నర కిలోమీటర్లు ఇంకా రాలేదు. పాతబస్తీవాళ్లకి రైలంటే కాచిగూడ దాటి డబీర్‌పురా, యాకుత్‌పురాల మీదుగా పోయే ఎంఎంటీఎస్సే.

చాదర్‌ఘాట్ నుంచి నదే ట్రాఫిక్ పోలీసు. 2022 జులైలో నీళ్లు పెరగగానే అక్కడి చిన్న వంతెన, దిగువన మూసారాంబాగ్ లోలెవెల్ వంతెన మూసేశారు. అంబర్‌పేట నుంచి మలక్‌పేట పోవాల్సినవాళ్లంతా గోల్నాక వంతెన మీద పడ్డారు. 2025 సెప్టెంబరులో ఎంజీబీఎస్ ప్రాంగణంలోకే వరద వచ్చింది. నది నడుమ బస్టాండు పెట్టుకుంటే నది కూడా ఒకరోజు ప్రయాణికురాలై వస్తుంది.

నాగోల్ దగ్గర బ్లూ లైన్ ముగిసే చోటు దాటాక మూసీ నగరాన్ని వదిలి నల్లగొండ వైపు పోయి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. మూసీ పొడవునా తూర్పు పడమరలకు రోడ్డు వేయాలన్న ప్రతిపాదన చాలాకాలంగా వినిపిస్తోంది. వేయవచ్చు. కానీ నాలుగున్నర శతాబ్దాలుగా ఈ ఊరి అవసరం ఒడ్డు పొడుగునా పోవడం కాదు, ఒడ్డు మార్చడం. ఆస్పత్రికి పోయే రోగికి, మదీనాకి పోయే ముసలమ్మకి కావలసింది వంతెన మీద తోపుడుబండ్లకూ బైకులకూ పోకుండా మిగిలిన రెండు గజాల ఫుట్‌పాత్. నది వెంట రోడ్డు వేసేవాళ్లు ముందు అది వేసి చూపించాలి.