‘లక్కీ’ అంటే నొచ్చుకుంటారు

డాలస్ చుట్టుపక్కల కిరాణా కొట్లలో బిల్లు వేసే ఆవిడ రసీదు చేతికిస్తూ ‘హ్యావ్ ఎ బ్లెస్డ్ డే’ అంటుంది. ఎలా ఉన్నారని మీరే ముందు పలకరిస్తే ‘బ్లెస్డ్ అండ్ హైలీ ఫేవర్డ్’ అని జవాబొస్తుంది. అమెరికా దక్షిణాదిలో, ముఖ్యంగా నల్లజాతివాళ్ళ చర్చిలకు అలవాటు పడ్డవాళ్ళ నోట, ఇది మామూలు మాట. మోకాళ్ళు నొప్పెడుతున్నా, అద్దె బాకీ ఉన్నా వాళ్ళు బ్లెస్డే. ఏదో ఆ దేవుడి దయవల్ల ఇలా ఉన్నామని మన పెద్దవాళ్ళు అన్నట్టే ఉంటుంది.

అదే మాట సోషల్ మీడియాకెక్కేసరికి రంగు మారింది. ఫ్రిస్కోలో కొత్తిల్లు, గుమ్మానికి మామిడాకులు, పట్టుబట్టల్లో దంపతులు, కింద ‘బ్లెస్డ్’ అని ఒక హ్యాష్‌ట్యాగ్. గొప్ప చెప్పుకోవాలి, చెప్పుకుంటున్నట్టు కనబడకూడదు. ఈ ఇబ్బందికి అంతకంటే మంచి మందు ఇంగ్లీషులో లేదు. మనవాళ్ళు దాన్ని తొందరగానే పట్టేశారు.

ఇప్పుడు ఆ ఫొటో కింద ‘యూ ఆర్ సో లక్కీ’ అని రాసి చూడండి. లైక్ కొడతారు గానీ లోపల ఎక్కడో గుచ్చుకుంటుంది. ఆఫీసులో ప్రమోషన్ వచ్చినవాడితో అంటే ముఖం మీద నవ్వు అలాగే బిగుసుకుపోతుంది. ‘ఐ గాట్ లక్కీ’ అని వాడే అనుకోవచ్చు, అది వినయం. ఎదుటివాడు అంటే నువ్వు కష్టపడలేదని అన్నట్టు.

మనూళ్ళో ‘అదృష్టవంతుడివిరా’ అంటే ఎవడూ కోప్పడడు. మహా అయితే వాళ్ళమ్మ సాయంత్రం ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీస్తుంది. మన లెక్కలో అదృష్టం కూడా సంపాదించుకున్నదే, కాకపోతే పోయిన జన్మలో. పెట్టి పుట్టాడంటాం. పూర్వజన్మ సుకృతం అంటాం. ఇంగ్లీషు లక్‌కి అలాంటి ఖాతా పుస్తకం లేదు. పదిహేనో శతాబ్దంలో డచ్చి, జర్మన్ భాషల వైపు నుంచి బహుశా జూదగాళ్ళ మాటగా వచ్చి చేరిందంటారు. ఆ వాసన ఇంకా పోలేదు. ‘ఫార్చూన్’కు మాత్రం మర్యాద ఎక్కువ. రోమన్ల అదృష్టదేవత పేరు గదా, డబ్బుకూ అదే మాట. ‘హ్యాపీ’కి కూడా మొదట్లో అర్థం అదృష్టం కలిసొచ్చినవాడనే. (పాట్‌లక్‌లోనూ లక్ ఉంది గానీ, తెలుగువాళ్ళ పాట్‌లక్‌లో దానికి చోటే లేదు. పులిహోర ఎవరిది, పెరుగన్నం ఎవరిది అన్నది వారం ముందే గూగుల్ షీట్లో తేలిపోతుంది.)

ఈ దేశంలో ఆ మాట ఎంత మంట పెడుతుందో కార్నెల్ యూనివర్సిటీ ఆర్థికవేత్త రాబర్ట్ ఫ్రాంక్‌ని అడగాలి. ఎదిగినవాళ్ళ ఎదుగుదలలో అదృష్టం పాలు కూడా ఉంటుందని ఆయన 2009లో న్యూయార్క్ టైమ్స్‌లో రాస్తే, ఫాక్స్ బిజినెస్ చానెల్లో స్టూవర్ట్ వార్నీ పిలిచి మరీ మండిపడ్డాడు. ఏమీ లేకుండా ఈ దేశానికి వచ్చి పైకొచ్చిన నన్నే అంతమాట అంటారా అని ఆయన బాధ. వార్నీ బ్రిటన్ నుంచి వలసొచ్చినవాడు. ఫ్రాంక్ సంగతి వేరు. అంతకు రెండేళ్ళ ముందు టెన్నిస్ ఆడుతూ కుప్పకూలితే, వేరే ప్రమాదానికి అటుకేసి వచ్చిన అంబులెన్సు దగ్గర్లోనే ఉండబట్టి బతికాడు. 2016లో ఆయన ఈ విషయం మీద ఒక పుస్తకమే వేశాడు. నాకు ఫ్రాంక్ మాటే నిజమనిపిస్తుంది. కానీ వార్నీ కోపం నాకు బాగా తెలిసిన కోపం. శనివారం రాత్రి మనవాళ్ళ ఏ ఇంట్లో కూర్చున్నా వినబడేదే.

ఎందుకంటే మాలో చాలామంది ఇక్కడున్నది లాటరీ వల్ల. హెచ్-1బి వీసాలు ఏడాదికి 65,000, ఇక్కడ మాస్టర్స్ చదివినవాళ్ళకు ఇంకో 20,000. 2023 వసంతంలో వీటికోసం పడ్డ రిజిస్ట్రేషన్లు 7,80,884. ఒకే మనిషి పేరిట నాలుగైదు కంపెనీలు వేసినవీ అందులో ఉన్నాయి. ఆ దెబ్బతోనే మరుసటి ఏడు పద్ధతి మార్చారు. ఆ రోజుల్లో మార్కులు చూసేవాళ్ళు కాదు, అనుభవం చూసేవాళ్ళు కాదు, కంప్యూటర్ తీసిన పేరు తీసినట్టు. అందరూ లాటరీ అనే దానికి సర్కారు వెబ్‌సైట్లో పడే మాట మాత్రం ‘సెలెక్టెడ్’.

ఆ మాట నేను ఇంటికి ఫోన్ చేసి చెబితే మా నాన్న వీధంతా చెప్పుకున్నారు, ‘మావాణ్ణి అమెరికా గవర్నమెంటు సెలెక్ట్ చేసింది’ అని. గ్రూప్ వన్‌కి ఎంపికైనట్టే అనుకున్నారు, నేనూ కాదనలేదు. మా అమ్మ లెక్క వేరు. ముందు చిలుకూరు బాలాజీ గుడి చుట్టూ 11 ప్రదక్షిణలు చేసింది, ఫలితం వచ్చాక 108 చేసి మొక్కు తీర్చుకుంది. ఒకరికి అది మెరిట్, ఇంకొకరికి దేవుడు. కంప్యూటర్ పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

మా రూమ్మేట్‌కి రాలేదు. ఇద్దరిదీ ఒకటే చదువు, ఇంచుమించు ఒకటే జీతం. వాడికి హెచ్ఆర్ పంపిన మెయిల్ ‘అన్‌ఫార్చునేట్లీ’తో మొదలైంది. ఈ దేశంలో కాదని చెప్పే ప్రతి ఉత్తరం అలాగే మొదలవుతుంది. లోన్ ఇవ్వనప్పుడు బ్యాంకూ, సీటు ఇవ్వనప్పుడు కాలేజీ, ఉద్యోగం పీకేసేటప్పుడు కంపెనీ, అందరికీ అదే మాట. అవి ఎవరో కూర్చుని తీసుకున్న నిర్ణయాలైనా, చెప్పేటప్పుడు దురదృష్టం ఖాతాలో వేసేస్తారు. నిజంగా దురదృష్టమే అయిన లాటరీకీ అదే మాట వాడితే తేడా ఎలా తెలుస్తుంది? నా పేరు తీసినప్పుడు ఎంపిక, వాడి పేరు తీయనప్పుడు దురదృష్టం. కంప్యూటర్ చేసింది మాత్రం ఒకటే పని.

‘మన సుడి బాలేదులేరా’ అని వాడు సామాను సర్దుకుని హైదరాబాద్ వెళ్ళిపోయాడు. ఇప్పుడు గచ్చిబౌలిలో పెద్ద టీమ్‌నే నడుపుతున్నాడు, వారానికి పదిమందిని ఇంటర్వ్యూ చేస్తాడు. రానివాళ్ళకు వెళ్ళే మెయిల్ ఎలా మొదలవుతుందని మొన్న అడిగాను. ‘ఎలాగేంటి, అన్‌ఫార్చునేట్లీ అనే’ అన్నాడు. మార్చొచ్చు గదరా అంటే, ‘టెంప్లేట్ మీవాళ్ళదేరా, అక్కణ్ణించే వస్తుంది’ అన్నాడు.